తమ్ముడి మోకాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. డిపోలో బస్సులు కడిగే తండ్రి, ఆ పూట కూలి వదులుకుని. లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే తల్లి, సెలవు అడిగితే ఇవ్వరని జ్వరమని కబురు పంపి. నోట్లో పిప్పరమెంటు బిళ్ళతో మూల కుర్చీలో నాయనమ్మ. ఆ బిళ్ళ ఆమె అడిగింది కాదు, ఆమె నోరు ఊరుకోవాలని ఇంట్లోవాళ్ళు పెట్టింది. లోపలి గదిలో మంచం మీద కుడికాలు చాపుకుని అన్న. ఆ కాలి పక్కన వేడినీళ్ళ గిన్నెతో చెల్లెలు. సంచీలోంచి సూది తీస్తున్న కాంపౌండరు. ఇంకా ముగ్గురు రావాలి. వాళ్ళ కోసం పక్కిళ్ళ నుంచి కుర్చీలు వచ్చాయి, ఎప్పుడూ కొనని రకం బిస్కెట్లు వచ్చాయి, చెప్పుల వరస కూడా గోడకి సర్దుకుంది.

చెల్లెలు తువ్వాలు వేడినీళ్ళలో ముంచి, పిండి, అన్న మోకాలి మీద పరిచింది. చిప్ప ఎక్కడుందో వెతుక్కోవాల్సినంత ఉబ్బింది మోకాలు. పక్కనున్న ఎడమ మోకాలు దానికి చుట్టం కూడా కానట్టుంది.

"కాలుతోందా అన్నా?"

"అన్న ఎవడే? ఇవాళ పొద్దున్నించీ నేను తమ్ముణ్ణి."

"వాళ్ళింకా రాలేదుగా."

"వచ్చాక నీ నాలుక మాట వినదు. నాకు తెలుసు. ఇప్పుడే మొదలుపెట్టు."

కాంపౌండరు సూదిలో మందు ఎక్కించుకుని వెలుగుకి ఎత్తి చూశాడు. ఊళ్ళో ఆటగాళ్ళందరి మోకాళ్ళూ అతనికి పరిచయమే. "కదలకు నాయనా. సాయంత్రం దాకా ఈ కాలు నీది కాదనుకో. గెంతు, దూకు, ఏమీ తెలియదు," అన్నాడు.

"సాయంత్రం తర్వాత?" అంది చెల్లెలు.

"సాయంత్రం తర్వాత కాలు మళ్ళీ తనదే," అని తన మాటకి తనే నవ్వుకున్నాడు కాంపౌండరు.

అన్న పళ్ళ బిగువున దుప్పటి అంచు పట్టుకున్నాడు. సూది దిగి, మందు దిగి, బయటికి వచ్చేదాకా చెల్లెలు ఆ దుప్పటి వైపే చూస్తూ కూర్చుంది.

ఈ అన్న తమ్ముడైన కథ నాలుగేళ్ళ కిందటిది. డిపో వెనకాల ఖాళీ జాగాలో, డ్యూటీ దిగిన డ్రైవర్లతో సమానంగా ఫుట్‌బాల్ ఆడేవాడు వాడు. తండ్రి బస్సు కడుగుతూ, గొట్టం అలాగే పట్టుకుని కొడుకు ఆట చూస్తూ నిలబడితే, కడిగిన బస్సునే మళ్ళీ కడిగి తిట్లు తిన్న రోజులున్నాయి. అక్కడే వాణ్ణి చూశాడు మామయ్య. ఆయన ఎవరికీ మామయ్య కాడు. కుర్రాళ్ళని వెతికి క్లబ్బుల్లో చేర్పించడం ఆయన పని. మొదటి పరిచయంలోనే తండ్రిని బావా అన్నాడు, దానితో పిల్లలకి మామయ్య అయిపోయాడు. ఇంటికి వచ్చి, టీ తాగి, తీర్పు చెప్పాడు.

"వీడి కాలు బంగారం బావా. వయసే ఇత్తడి. పద్దెనిమిదేళ్ళవాణ్ణి కొత్తగా ఎవడు తీసుకుంటాడు? అదే పద్నాలుగైతే ఎగబడి తీసుకుంటారు."

"పుట్టినవాణ్ణి మళ్ళీ పుట్టించలేం గదా," అన్నాడు తండ్రి.

"అది నాకు వదిలెయ్."

నెల తిరక్కుండా వాడు పద్నాలుగేళ్ళవాడైపోయాడు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాడు కాబట్టి అడిగేవాళ్ళు కూడా లేరు. కాగితం మీద నాలుగేళ్ళు తగ్గడం తేలిక. కష్టమంతా ఇంట్లో వచ్చింది. ఆ ఇంటివాళ్ళు మాట్లాడే భాషలో తోడబుట్టినవాణ్ణి ఊరికే తోడబుట్టినవాడా అని పిలవడం కుదరదు. పైవాడో కిందవాడో తేల్చుకుని నోరు తెరవాలి. చెల్లెలికి అప్పుడు పదిహేనేళ్ళు. రాత్రి చెల్లెలిగా పడుకున్న పిల్ల తెల్లారేసరికి అక్క అయి లేచింది. పెద్దోడా అని పిలిపించుకున్నవాడు చిన్నోడయ్యాడు. చిన్నీ అని పిలిపించుకున్నది పెద్దమ్మాయి అయింది.

మొదట్లో అది ఇంటిల్లిపాదికీ ఆట. "అక్కగారూ, చాక్లెట్టు కొనిపెట్టరూ," అని వాడు చెల్లెలి జడ పట్టుకుని వెంటబడేవాడు. "హోంవర్కు చేశావా తమ్ముడూ?" అని ఆమె చెవి మెలిపెట్టేది. "నాలుగేళ్ళు తగ్గించేవాడుంటే నన్నూ తీసుకుపోండిరా, పోయిన పళ్ళు వస్తాయేమో," అనేది నాయనమ్మ. అందరికంటే ఎక్కువ నవ్వింది తల్లి. కొన్నాళ్ళకి నవ్వు ఆగిపోయింది, మాట మిగిలింది. రోజుకి రెండుసార్లు గడ్డం గీసుకుని వాడు నిజంగా పద్నాలుగేళ్ళ పిల్లల మధ్య ఆడేవాడు. బాగా ఆడేవాడు. ఎందుకు ఆడడు? ఒకసారి బంతి కోసం ఎదురొచ్చిన పిల్లవాణ్ణి భుజంతో తోస్తే వాడి మెడ దగ్గర ఎముక విరిగింది. పత్రికలో అన్నని 'చిరుత' అని రాశారు. ఆ పత్రిక తండ్రి డిపో అంతా తిప్పాడు. కొడుకు మాత్రం ఆ రోజు అన్నం ముందు కూర్చుని, "వాడు ఏడుస్తుంటే పాలపళ్ళు కనబడ్డాయే," అన్నాడు చెల్లెలితో. పదమూడేళ్ళవాడికి పాలపళ్ళేమిటని ఆమె అనలేదు.

జూనియర్ల జీతం నెలకి ఎనిమిది వేలు. అందులో మామయ్య వాటా పోను మిగిలినది బస్సులు కడిగినదానికన్నా నయం. ఆరునెలల కిందట మోకాలు మెలిపడేదాకా బండి అలాగే నడిచింది.

మెలిపడ్డప్పుడు కోచ్ ఎక్స్‌రే తీయించుకోమన్నాడు. మామయ్య పరుగున ఇంటికి వచ్చాడు. "ఫొటో మాట ఎత్తొద్దు బావా. ఎదిగే ఎముక చివర సందు ఉంటుందట. ఎదుగుదల ఆగాక ఆ సందు పూడిపోతుందట. మీవాడికి ఎప్పుడో పూడిపోయింది. మనుషులం మనం అబద్ధం ఆడతాం, ఎముకకి ఎవడు నేర్పుతాడు?"

అలా, మోకాలు ఉండి కూడా ఎవరికీ చూపించుకోకూడని మోకాలైంది. కాంపౌండరు వచ్చాడు. సూది వచ్చింది. దూరపు ఊరి ధర్మాసుపత్రికి వేరే పేరు మీద వెళ్దామని చెల్లెలు ఒకసారి బతిమాలింది.

"వయసు మార్చారు. వరస మార్చారు. ఇప్పుడు పేరు కూడానా? ఏదో ఒకటి నాది ఉండనీవే," అన్నాడు అన్న.

ఇప్పుడు రావలసింది పెద్ద క్లబ్బువాళ్ళు. నెలకి నలభై వేలు, మూడు సీజన్లు. ఒప్పందం మీద సంతకం చేసే ముందు కుర్రవాడి ఇల్లూ వాకిలీ చూసుకోవడం వాళ్ళ అలవాటట. మేనేజరుతో పాటు డాక్టరు కూడా వస్తున్నాడు. ఆ రెండో మాట విన్న దగ్గర్నుంచి చెల్లెలి గుండెలో ఒక చిన్న దీపం వెలుగుతోంది. డాక్టరంటే డాక్టరే గదా. కాలు చూశాక చూడనట్టు ఎలా ఉంటాడు? మూడేళ్ళకి కట్టుబడకముందే ఎవరో ఒక చదువుకున్నవాడు ఆ మోకాలు చూడాలి. అది ఒక్కటే ఆమె కోరుకున్నది. నలభై వేలు ఆమెకి చేదేమీ కాదు. లాండ్రీలో తల్లి పక్కన నిలబడి దుప్పట్లు మడతపెట్టే పిల్లకి నలభై వేలంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

వాళ్ళు కారులో వచ్చారు. కారు సందులోకి రాక, మలుపు దగ్గర దిగి నడిచి వచ్చారు. మేనేజరు పొడుగ్గా, ఎవరి ముఖంలోకీ ఎక్కువసేపు చూడని మనిషి. డాక్టరు పొట్టిగా, మెత్తగా ఉన్నాడు, గుమ్మంలోనే చెప్పులు విప్పాడు. ఆ చెప్పులు విప్పడం చూసి చెల్లెలి దీపం ఇంకొంచెం వెలిగింది.

"ఈయన మా బావ, ఈవిడ మా అక్క, అదిగో పెద్దావిడ," అంటూ మామయ్య చుట్టరికాలు వడ్డించాడు. "ఈ పిల్ల మనవాడి అక్క. తల్లి పనికిపోతే తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది సార్."

చెల్లెలు నేల చూసింది. పసితనంలో జ్వరం వస్తే డిపో దాకా ఎవరి వీపు మీద వెళ్ళిందో ఆమెకి గుర్తుంది.

అన్న లోపలినుంచి వచ్చాడు. చక్కగా, నిటారుగా, రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసి నడిచి వచ్చాడు. తల్లి కళ్ళు తుడుచుకుంది. మనవడు అంత బాగా నడిచి చాన్నాళ్ళైంది, నాయనమ్మ సంబరం ఆపుకోలేకపోయింది. బిళ్ళ దవడకి నెట్టి, "మా పెద్దోడు రాజులా ఉన్నాడు," అంది.

గది ఒక్క క్షణం గొంతు సవరించుకుంది.

"పెద్దోడయ్యాడు అంటోంది సార్. మనవడు ఇంతలో పెద్దోడైపోయాడని," అన్నాడు మామయ్య. తల్లి ఇంకో బిళ్ళ తీసి అత్తగారి నోట్లో పెట్టింది.

డాక్టరు కుర్రవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి మోకాలు వంచాడు, చాపాడు, ఇటూ అటూ తిప్పాడు. సూది తిన్న కాలు పరాయి కాలులా చెప్పినట్టు వింది. "నొప్పా?" "లేదండి." "ఇక్కడ?" "లేదండి." డాక్టరు వేలు వాపు మీద ఒకచోట ఆగింది. చెల్లెలు వంటగది గడప మీంచి చూస్తోంది. వేలు అక్కడ కాసేపు ఉండి, లేచిపోయింది.

"బాగుంది," అన్నాడు డాక్టరు.

చేతులు కడుక్కోవడానికి ఆయన పెరట్లో కుళాయి దగ్గరికి వచ్చాడు. చెల్లెలు సబ్బు అందించింది. తువ్వాలు అందించింది. మూడోది అందించడానికి నోరు రాలేదు. ఆయన చేతులు తుడుచుకోవడం అయిపోతుండగా, మెల్లిగా, నేలకి చెప్తున్నట్టు అంది.

"డాక్టరుగారూ, పొద్దున సూది వేశారండి. మా అన్న కాలికి."

"అన్నా?"

"అన్నే. ఇరవై రెండండి. నాకు పంతొమ్మిది." గుమ్మం వైపు ఒకసారి చూసింది. "ఏమైనా చెయ్యండి, ఆ కాలు ఒకసారి ఫొటో తీయించండి. రాత్రిళ్ళు దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకుంటున్నాడు."

డాక్టరు తువ్వాలు మడతపెట్టాడు. లాండ్రీ పిల్ల కాబట్టి ఆ మడత వంకరగా ఉందని ఆమెకి తెలిసింది.

"నాకు తెలియదనుకున్నావా తల్లీ? ముప్పై ఏళ్ళుగా కాళ్ళు చూస్తున్నాను. వేలు పెడితే తెలియదూ?"

"మరి బాగుందన్నారు."

"ఆడతాడా అని అడిగారు నన్ను. ఆడతాడు. కాలు ఎలా ఉందని అడగలేదు." ఆయన గొంతులో కోపం లేదు, దాచుకున్నదేదో ఉన్నట్టూ లేదు. "ఫొటో తీస్తే కనిపించింది రాయాలమ్మా. రాస్తే మీవాడు ఇంటికి, నేనూ ఇంటికి. మా జట్టులో ఎవరిదీ ఫొటో తీయం. అందరూ తమ్ముళ్ళే అక్కడ."

"మూడు సీజన్లు ఆడగలడా?"

"రెండు గట్టిగా. మూడోది లాక్కుంటూ."

"ఆ తర్వాత?"

డాక్టరు తువ్వాలు ఆమె చేతిలో పెట్టి, భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు. కుళాయి సరిగా కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. నీళ్ళు పోతే ఊరుకోని పిల్ల ఆ రోజు ఊరుకుంది.

లోపల టీలు అయిపోయాయి. మేనేజరు కాగితాలు బల్ల మీద పరిచి, ఎక్కడెక్కడ సంతకాలో వేలితో చూపిస్తున్నాడు. తండ్రి తన వంతు సంతకానికి చేతులు పంచెకి తుడుచుకుంటున్నాడు. బస్సులు కడిగే సోడా నీళ్ళకి పగిలిన ఆ చేతులు ఎంత తుడిచినా కొత్తగా తుడిచినట్టే ఉంటాయి. అన్న కలం పట్టుకున్నాడు.

చెల్లెలు గడప దాటి వచ్చింది. నలుగురిలో మాట్లాడటం ఆమెకి ఎప్పుడూ రాదు. బళ్ళో హాజరు పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. ఒక్క మాట చాలునని ఆమె నమ్మకం. నాలుగేళ్ళుగా ఇంటిల్లిపాదీ నోట్లో బిళ్ళలు పెట్టుకుని దాచిన మాట అది. అది బయటపడితే పైకప్పు కూలినా కూలుతుందని, కూలినా ఫరవాలేదని అనుకుంది.

"అన్నా, సంతకం పెట్టకు. కాలు చూపించుకోకుండా పెట్టకు."

పైకప్పు ఎక్కడిదక్కడే ఉంది.

"అన్నా అంటోందేమిటి?" అన్నాడు మేనేజరు, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

"అనకేం సార్," అన్నాడు మామయ్య. "బస్సు డ్రైవరూ అన్నే, కూరలవాడూ అన్నే. ముద్దెక్కువైతే తమ్ముణ్ణీ అన్నా అంటారు."

"నిజమేలే. మా ఇంట్లో మావాణ్ణి నాన్నా అంటాం. ఆరేళ్ళు వాడికి," అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. తల్లి కూడా నవ్వింది. నవ్వుతూ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. చెంచా కింద పడితే అయ్యే చప్పుడు కూడా కాలేదు అన్నా అనే ఆ మాటకి. ఊరందరి నోళ్ళలో అరిగిపోయి, ఎవరి మీదైనా అతికే మాట అది. దాన్ని బాంబు అనుకుని దాచుకున్నారు ఇన్నాళ్ళూ.

"అలా కాదండి," అంది చెల్లెలు. బల్ల దగ్గరికి వచ్చింది. "నిజంగానే అన్న. ఇరవై రెండు—"

మేనేజరు మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "అమ్మాయ్, ఆ మాట నేను వినలేదు. రెండోసారి అంటే వినాల్సి వస్తుంది. వింటే మీవాడు ఈ ఆటలోనే ఉండడు. నాలుగేళ్ళుగా కాగితాల మీద సంతకాలు పెట్టింది మీ నాన్న, ఆయన ఎక్కడుంటాడో నీకే తెలియాలి. చెప్పు, వినమంటావా?"

అందరూ ఆమె కోసం ఆగారు. తండ్రి తలెత్తి కూతురి వైపు చూశాడు. అందులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. బస్సు కింద దూరి కడుగుతున్నప్పుడు ఎవరో ఇంజను స్టార్టు చేస్తే చూసే చూపు అది. నాయనమ్మ దవడలో బిళ్ళ కటుక్కుమంది.

చెల్లెలు గడప దాకా వెనక్కి జరిగింది.

కలం కదిలిన చప్పుడు అయింది. అన్న సంతకం పెట్టాడు. ఒకటి కాదు, వేలు చూపించిన ప్రతిచోటా పెట్టాడు. తర్వాత లేచి, చెల్లెలి జబ్బ పట్టుకుని పెరట్లోకి తీసుకొచ్చాడు.

"పిచ్చిదానా, నా మోకాలు నాకు తెలియదనుకున్నావా?"

"రెండేళ్ళు అన్నాడు డాక్టరు. మూడోది లాక్కుంటూ అన్నాడు."

"నయమే. నేను ఒకటే అనుకున్నా." నవ్వబోయాడు. "నాన్న మంచం మీంచి ఎలా లేస్తున్నాడో చూడటం లేదూ? పక్కకి దొర్లి, గోడ పట్టుకుని లేస్తున్నాడు. ఎవరిదో ఒకరిది కాలో నడుమో పోవాలి ఈ ఇంట్లో. నాదైతే నలభై వేలు ఇస్తున్నారు."

"పోయాక?"

"పోయాక కూర్చుంటా. దుప్పట్లు మడతపెట్టడం నేర్పవా?"

నీళ్ళు పోతున్న కుళాయి వాడే కట్టాడు, అలవాటుగా కుడికాలు ముందుకి వేసి వంగి. ఆ కాలు వాడికి నొప్పి చెప్పడం లేదు. రాత్రికి చెప్తుంది.

లోపలినుంచి మామయ్య కేక వేశాడు. "తమ్ముడూ, రారా. ఫొటో దిగాలి. చొక్కా ఇస్తున్నారు క్లబ్బుది. అక్కని కూడా తీసుకురా. తమ్ముణ్ణి పెంచిన అక్క పక్కన నిలబడితే పత్రికలో ఎంత బాగుంటుందీ."

అన్న ఆమె వైపు చూశాడు. "పద."

"నేను రాను."

"ఒక్క నిమిషం పనే."

"రానన్నాను గదా."

"ఊరికే నిలబడు. మాట్లాడక్కర్లేదు."

"అన్న పక్కన అయితే నిలబడతా," అంది. "తమ్ముడి పక్కన నిలబడను. నాకు తమ్ముళ్ళు లేరు."

లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు. నాయనమ్మని ముందుకి కూర్చోబెట్టమని ఎవరో అంటున్నారు. తల్లి జుట్టు సవరించుకోవడానికి దువ్వెన ఏదని అడుగుతోంది. అన్న చెయ్యి ఎత్తాడు, చిన్నప్పట్లా జడ పట్టుకుని లాగుతాడేమో అనుకుంది. జడ దాకా రాకుండానే ఆ చెయ్యి దిగిపోయింది.

"సరే అక్కా," అన్నాడు. చుట్టుపక్కల వినేవాళ్ళెవరూ లేరు. "ఇక్కడే ఉండు."

లోపలికి వెళ్ళి, ఆమె ముఖం మీద తలుపు వేశాడు.